అప్ప చెప్పిన కొండ

చిన్నప్పుడు దూరంగా ఉన్నవన్నీ నాకు మా అప్పే చెప్పేది.

చోడవరం ఊరి చివర మా ఇల్లు. ఇల్లు దాటితే కల్లం, కల్లం దాటితే చెరకు. చెరకు కొట్టి గానుగ ఆడించే రోజుల్లో అమ్మా నాన్నా పొద్దుటినుంచీ బెల్లం పొయ్యి దగ్గరే ఉండేవారు. నన్ను చూసుకునే పని అప్పది. మా వైపు అక్కను అప్ప అంటాం; నాకంటే ఆరేడేళ్లు పెద్దది. అయిదో తరగతితో దాని బడి మానిపించేశారు. సాయంత్రం నన్ను మడి గట్టు మీద కూర్చోబెట్టి, చేతిలో ఓ చెరకు ముక్క పెట్టి, పడమటి వైపు వేలు చూపించేది.

"అదిగో, సీడికాడ కొండలు. ఆ పెద్ద కొండ మీద తెల్లగుడుంది, సూడు. గుడి పక్కన మూడు తాడిసెట్లు. ఒకటి వంగిపోనాది."

పడమట నాకు కనిపించేది ఒక నీలం మరక. చొక్కా మీద సిరా ఒలికితే అంచులు ఎలా పాకిపోతాయో అలాంటి మరక. అందులో గుడి కోసం కళ్లు చికిలించి వెతికేదాన్ని.

"నాకు అవుపించట్లేదే అప్పా."

"నువ్వు సిన్నదానివి కదే. పెద్దయితే అవుపిస్తాది."

నేను నమ్మాను. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తాయి, చెయ్యి పెరిగి ఉట్టి అందుతుంది, అలాగే దూరం కూడా ఒకనాటికి అందుతుందనుకున్నాను. అందుకే ఆ సంగతి అమ్మతో గానీ నాన్నతో గానీ ఎప్పుడూ అనలేదు. అనడానికి అదొక లోపమని తెలిస్తే కదా.

అప్ప రోజుకొకటి చెప్పేది. గుడి దగ్గర ఒక ఆడమనిషి ఎర్రచీర ఆరేస్తోందట. ఆమెకో తెల్లగుర్రం ఉందట. వాన పడితే ఆమె గుర్రాన్ని గుడి లోపలికి తోలుకుపోతుందట. మర్నాడు పొద్దున్న లేవగానే నేను మొదట అడిగేది ఆమె గురించే. "ఈవేళ వంటేటి సేసిందే?" అనేదాన్ని. అప్ప చేతిలో కళ్లాపి బాల్చీ పెట్టుకునే పడమటికి చూసి, "పొగొస్తంది. ఇంకా అవలేదు," అనేది.

పొయ్యి మీద పెద్ద పెనంలో చెరకురసం మరుగుతుంటే పైన గాలి వణికేది. ఆ వేడిగాలిలోంచి చూస్తే అవతల ఉన్న మనుషులు కూడా నీళ్లలో ఉన్నట్టు కదిలేవారు. అది చూసి పాలేర్ల పిల్లలు నవ్వేవారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలిసేది కాదు. నాకు ఆ మనుషులు పొయ్యి లేని రోజున కూడా ఇంచుమించు అలాగే ఉండేవారు.

అప్పకు పెళ్లయింది. బావ ఖరగ్‌పూర్‌లో రైల్వే షెడ్డులో పని చేసేవాడు. మా వైపు నుంచి చాలామంది అక్కడ పనికి కుదిరి, అక్కడే క్వార్టర్లలో కాపురాలు పెట్టేవారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలవి. అనకాపల్లి బస్సెక్కించడానికి అందరం వెళ్లాం. అప్ప కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదిలింది. అప్ప ముఖం ముఖంగా ఉన్నది కొద్ది దూరమే. ఆ తరువాత పసుపు చీర రంగొకటి మిగిలింది. తరువాత అదీ దుమ్ములో కలిసిపోయింది. పక్కన అమ్మ ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంది. "అదిగో, అదిగో, సూస్తంది," అంటోంది. నేనెటు చూడాలో తెలియక అమ్మ చెయ్యి ఎటు ఊగితే అటు చూశాను.

అప్ప వెళ్లాక పడమట ఏమీ లేదు. సాయంత్రాలు నేనొక్కదాన్నే గట్టు మీద కూర్చునేదాన్ని. ఆ ఆడమనిషి ఏం చేస్తోందో చెప్పేవాళ్లు లేరు. అమ్మను అడిగితే, "ఏ ఆడమనిసే? పొయ్యి దగ్గర పనుంటే సెయ్యి," అంది. అప్ప గొంతు గుర్తు చేసుకుని నాకు నేనే చెప్పుకుందామని చూశాను. నోరు విప్పితే నా గొంతే వచ్చేది.

హైస్కూల్లో నన్ను చేర్చడం నాన్న పట్టుదల. మా తరగతిలో ఆడపిల్లలం కొద్దిమందిమి. గోడ పక్కన వెనక బల్ల మాది. బోర్డు మీద మేష్టార్లు రాసేది నాకు తెల్లటి చీమల బారులా ఉండేది. మేష్టార్లు రాస్తూ పైకి చదువుతారు కనుక, విని గుర్తు పెట్టుకునేదాన్ని. విన్నది మరిచిపోకుండా ఉండడం అప్పటికే నాకు అలవాటు.

సైన్సు మేష్టారు అనకాపల్లి వారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట మెత్తన. కాంతి పాఠం మొదలుపెట్టిన రోజున ఒక ఇత్తడి గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టారు. అడుగున ఒక కానీ బిళ్ల వేశారు. మమ్మల్ని చుట్టూ నిలబెట్టి, ఆ బిళ్ల గిన్నె అంచు వెనక దాగిపోయేదాకా వెనక్కి జరగమన్నారు. "ఎవరూ కదలకండి," అని చెంబుతో నీళ్లు పోశారు. కనిపించని బిళ్ల మెల్లగా పైకి లేచి కనబడింది. పిల్లలంతా ఒక్కసారి అరిచారు.

"కానీ బిళ్ల కదల్లేదు," అన్నారు మేష్టారు. "నీళ్లలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగింది. అది వంగిన సంగతి మన కంటికి తెలీదు. తిన్నగా వచ్చిందనుకుంటుంది. అందుకని కానీని ఉన్నచోట కాకుండా పైన చూస్తుంది. దీన్ని వక్రీభవనం అంటారు."

ఆ మాట ఎంత కష్టంగా ఉందో అంత నచ్చింది నాకు. ఇంటికి వెళ్తూ దారంతా అనుకున్నాను. అప్ప ఉంటే గిన్నె పెట్టి చూపించేదాన్ని.

మర్నాడు ఒక చిన్న చెక్కపెట్టె తెచ్చారు. అందులో మఖమలు గుడ్డ మీద గుండ్రటి అద్దాలు. నడుమ లావుగా, అంచులు పలచగా ఉన్నదాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని, దాని వెనక తెల్లకాగితం పెట్టారు. బయటి చింతచెట్టు తలకిందులై చిన్నగా కాగితం మీద పడింది. కొమ్మలు కదులుతున్నాయి కూడా. అద్దంలోంచి వచ్చే కిరణాలు వంగి ఒకచోట కలుస్తాయనీ, సరిగ్గా ఆ చోట కాగితం ఉంటేనే బొమ్మ తేటగా ఉంటుందనీ చెప్పారు. కాగితం కొంచెం వెనక్కి జరిపారు. చెట్టు చెదిరి పచ్చటి మరకైపోయింది.

ఆ మరక నాకు బాగా తెలుసు.

తరువాత నడుమ పలచగా, అంచులు లావుగా ఉన్న రెండో రకం అద్దాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూడమని అందరికీ ఇచ్చారు. అది చేతులు మారుతూ వస్తోంది. "అన్నీ సిన్నగా అయిపోనాయండీ!" అని మగపిల్లలు నవ్వుతున్నారు. నా వంతు వచ్చింది. కంటికి ఆనించుకుని కిటికీలోంచి చూశాను.

చింతచెట్టుకు ఆకులున్నాయి.

చెట్టుకు ఆకులుంటాయని నాకు తెలియక కాదు. దగ్గరికి వెళ్తే చూసేదాన్ని, కోసి తినేదాన్ని. కానీ అంత దూరాన నిలబడి ఉన్న చెట్టుకు, దేనికదిగా అన్ని ఆకులు కనబడతాయని తెలీదు. వాటి మధ్య సందుల్లో ఆకాశం ముక్కలు. కొమ్మ మీద ఒక కాకి ముక్కు తుడుచుకుంటోంది. ప్రహరీ అవతల సైకిలు మీద పోతున్న ఆయనకు మీసాలు.

పక్కనున్న పిల్ల చెయ్యి చాచింది. నేను అద్దం ఇవ్వలేదు. మేష్టారు వచ్చి నిలబడ్డారు.

"ఏం కనిపిస్తోందమ్మా?"

"ఆకులండి," అన్నాను. అని ఏడ్చేశాను.

మేష్టారు అందరినీ కూర్చోమన్నారు. నన్ను అద్దం అలాగే పట్టుకోమని, బోర్డు మీద ఒక వాక్యం రాసి చదవమన్నారు. చదివాను. అద్దం తీసేసి చదవమన్నారు. చదవలేకపోయాను. ఆయన "ఇన్నాళ్లూ ఎలా చదివావమ్మా?" అన్నారు.

"ఇన్నానండి."

ఆ ఆదివారం ఆయన పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చారు. విషయం విని అమ్మ నెత్తి కొట్టుకుంది. "నా గుంటకి కళ్లు బాగానే ఉన్నాయి బాబూ. బియ్యంలో మట్టిగడ్డలన్నీ అదే ఏరతాది!" దగ్గరివి చూడగలదు, దూరానివే చూడలేదని మేష్టారు చెప్పినా అమ్మకు ఎక్కలేదు. నాన్నకు చూపిస్తే తప్ప ఏదీ నమ్మే అలవాటు లేదు.

మేష్టారు మా నడవలో నీడపట్టున ఒక పీట మీద కాగితం నిలబెట్టారు. దాని ముందు లావు అద్దాన్ని పట్టుకున్నారు. వాకిట్లో ఎండలో కట్టేసిన మా ఎద్దు కాగితం మీద పడింది. నాన్న వంగి చూశారు.

"ఎద్దు తలకిందులుగా ఉందేటి మేష్టారూ?"

"మన కంట్లో కూడా బొమ్మ అలాగే పడుతుందండి. లోపల ఇలాంటి అద్దమే ఉంది. వెనక ఈ కాగితం లాంటి పొర ఉంది. మీ అమ్మాయి కంట్లో ఆ పొర ఉండవలసిన దానికంటే కొంచెం వెనక్కి ఉంది. ఇదిగో, ఇలాగ." కాగితం వెనక్కి జరిపారు. ఎద్దు చెదిరిపోయింది. "కాగితాన్ని మళ్లీ ముందుకు తేలేం కదా. అందుకని ముందర ఈ పలచ అద్దం పెడతాం." రెండో అద్దాన్ని మొదటిదాని ముందు అడ్డం పెట్టారు. కాగితం కదపకుండానే ఎద్దు తేటపడింది. కొమ్ములు, పలుపుతాడు, తోక ఊపడం, అన్నీ.

నాన్న అద్దం తీయించి చూశారు, పెట్టించి చూశారు. మళ్లీ తీయించారు. తరువాత నా కేసి తిరిగి, "దీనికి ఇన్నాళ్లూ ఎద్దు ఇలగే అవుపించిందా?" అన్నారు.

మర్నాడే విశాఖపట్నం బస్సెక్కాం.

కళ్లద్దాలు తయారై చేతికొచ్చిన రోజున నేను వాటిని ఊళ్లో పెట్టుకోలేదు. మడి గట్టు మీదికి వెళ్లాక పెట్టుకుందామని ఒళ్లో దాచుకున్నాను. నాన్న వెనకే వచ్చారు. పడమటికి తిరిగి కూర్చుని పెట్టుకున్నాను.

కొండలకు అంచులున్నాయి. అంచు వెంట తుప్పలు, మధ్యలో ఎర్రమట్టి చారలు, నల్లటి రాళ్లు. ముందర ఒక కొండ, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి. అదంతా ఒక్కటే మరక కాదన్నమాట. నేను పెద్ద కొండను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాను. పక్క కొండ చూశాను. మళ్లీ మొదటికి వచ్చాను.

"నాన్నా, గుడేదీ?"

"ఏ గుడే?"

"కొండ మీద తెల్లగుడి. మూడు తాడిసెట్లు."

"ఆ కొండ మీద గుడేటి? రాళ్లు, తుప్పలు. నా సిన్నప్పట్నుంచీ అంతే."

అప్ప మీద కోపం రాలేదు. కొండ నిండా చూడడానికి ఇన్ని ఉన్నా, నేను వెతికినది ఒక్కటీ లేదు. అప్పను అడగాలి. అడగాలంటే అప్ప రావాలి.

పురిటికి వచ్చింది. అనకాపల్లి స్టేషనుకు నాన్న ఎదురు వెళ్లారు. నేను చోడవరం బస్సు ఆగే చోట, రోడ్డుకు ఇవతల వైపు నిలబడ్డాను. బస్సు వచ్చింది. నాన్న ముందు దిగి చెయ్యి అందించారు. అప్ప మెల్లగా దిగింది. చిక్కిపోయింది. బుగ్గ ఎముకలు తేలాయి. మెడలో నల్లపూసలు, నుదుట చెమటకు కరిగిన కుంకుమ. రోడ్డుకు అవతలి నుంచి అప్ప ముఖాన్ని అంత బాగా చూడడం నాకదే మొదలు. చెయ్యెత్తి ఊపాను.

అప్ప నా వైపే చూసింది. సూటిగా నా మీదే ఉన్నాయి దాని కళ్లు. ముఖంలో ఏ మార్పూ లేదు. నేను నవ్వాను. అది నవ్వలేదు. నాన్న వైపు తిరిగి, "సెల్లి రాలేదేటి నాన్నా?" అని అడిగింది.

చెయ్యి దించేశాను. ఆ క్షణాన నాకంతా తెలిసిపోయింది. రోడ్డు దాటి దగ్గరికి వెళ్లాను. నాలుగు అడుగుల దూరానికి వచ్చాక అప్ప ముఖం ఒక్కసారి విచ్చుకుంది. "ఒసే గుంటా! కళ్లద్దాలేటే నీకు! పంతులమ్మలాగున్నావు!" అని నన్ను పొదివి పట్టుకుంది.

మర్నాడు సాయంత్రం ఇద్దరం గట్టు మీదికి వెళ్లాం. అప్ప ఆయాసపడుతూ కూర్చుంది. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక, పాత అలవాటున అడిగాను.

"అప్పా, ఆ గుడి దగ్గర ఆడమనిసి ఇంకా ఉందా?"

అప్ప కొండల కేసి తలెత్తి చూసింది. "ఉంది. నెత్తి నెరిసిపోనాది పాపం," అంది.

నేను కళ్లద్దాలు తీసి దాని ముఖానికి పెట్టాను. అది నవ్వుతూ తల వెనక్కి లాక్కుంది. "నాకెందుకే!" అంటూనే పెట్టనిచ్చింది. కళ్లద్దాల వెనక కళ్లు విప్పారాయి. చాలాసేపు కొండల కేసే చూస్తూ ఉండిపోయింది. చేత్తో గడ్డి పీకుతోంది, పీకి వదిలేస్తోంది.

"ఇదా కొండంటే?" అంది చివరికి. "ఏ రాయికా రాయి ఇడిగా అవుపిస్తన్నాదే."

"గుడి లేదే అప్పా."

"లేదు."

"మరెందుకు సెప్పేవు?"

అప్ప కళ్లద్దాలు తీయలేదు. కొండల మీంచి చూపు మరల్చకుండానే చెప్పింది. "నువ్వు అడిగేవు గదే. నీకు అవుపించట్లేదని ఏడిసేవు. నాకూ అవుపించట్లేదంటే మరింక నీకెవులు సెప్తారు?" మరో గడ్డిపరక పీకింది. "పెద్దయితే అవుపిస్తాదని నాయనమ్మ అంది నాతో. నేనూ సూసేను. పెద్దమనిసినయ్యేక సూసేను. పెళ్లయ్యేక సూసేను. అందరికీ అవుపిస్తన్నాది, నాకే ఆలీసమవుతన్నాది అనుకున్నాను."

నా చెయ్యి దాని చేతిలో ఉంది. కల్లం దగ్గర అమ్మ కేకేసేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

సైన్సు మేష్టారు మళ్లీ పెట్టెతో వచ్చారు. అప్ప సిగ్గుపడి తలుపు చాటున నిలబడింది. ఆయన అద్దాలు అందిస్తే నేను దాని కంటి దగ్గర పట్టుకున్నాను. నాకు సరిపోయిన అద్దం దానికి చాలలేదు. రెండు కలిపి పట్టుకుంటేగానీ వాకిట్లో తులసికోట ఇటుకలు లెక్కపెట్టలేకపోయింది. పురుడయ్యాక విశాఖపట్నం తీసుకెళ్లమని మేష్టారు నాన్నతో చెప్పి వెళ్లారు.

ఆయన వీధి మలుపు తిరగగానే అమ్మ తలుపు వేసింది. "అత్తోరికి తెలిస్తే, గుడ్డిగుంటని కట్టబెట్టేసేరని మన మీదకొస్తారు. వద్దు."

నాన్న ఏదో అనబోయారు. అప్పే అడ్డుపడింది. "అమ్మ సెప్పిందే నిజం నాన్నా. ఇన్నాళ్లూ గడిసింది కాదేటి."

అందుకని ఆ నెలలన్నీ ఒక్క కళ్లద్దాలు మా ఇద్దరివీ అయ్యాయి. బడి నుంచి రాగానే తీసి దానికిచ్చేదాన్ని. నా అద్దాలతో దానికి పూర్తిగా తేట కాదు, కానీ మరక విడిపోయేది. పెరట్లో కూర్చుని ఎదురింటి పెంకుల మీద ఉడతను చూసేది. పాప పుట్టాక, మంచం మీద పడుకునే నడవ చివర ఊగుతున్న ఉయ్యాలను చూసేది. "సెయ్యి బయటెట్టింది," అనేది. "ఆవలిస్తంది." దాని గొంతులో ఆ ఆశ్చర్యం నేను మళ్లీ ఎక్కడా వినలేదు. నేనేమో ఆ వేళకు కళ్లద్దాలు లేకుండా దాని పక్కన చేరి, అది చెప్పేది వింటూ ఉండేదాన్ని. నా జీవితంలో అంత సుఖంగా ఉన్న రోజులు తక్కువ.

బావ తీసుకెళ్లడానికి వచ్చాడు. తక్కువగా మాట్లాడే మనిషి. వస్తూనే పాపను ఎత్తుకున్నాడు, అప్పతో మాత్రం ఎడంగానే ఉన్నాడు. ఒకనాడు సాయంత్రం బజారు నుంచి పొలం గట్టు మీదుగా వస్తూ మా ఇద్దరికీ ఎదురుపడ్డాడు. అప్ప ముఖాన నా కళ్లద్దాలున్నాయి. అప్ప చటుక్కున తీసి చీరలో దాచుకుంది. నేను లేచి నిలబడ్డాను.

బావ గట్టు మీద కూర్చున్నాడు. "దాసేవెందుకు? అవెట్టుకుంటే ఏటవుపిస్తంది?" అన్నాడు.

అప్ప తల దించుకుంది. నేనే చెప్పాను, గబగబా, వెలుగు వంగడం, పొర వెనక్కి ఉండడం, మేష్టారి అద్దాలు, అన్నీ కలగాపులగంగా. ఆయన ఎంత అర్థం చేసుకున్నాడో గానీ, మధ్యలో ఒక చోట ఆపాడు.

"అయితే వీధి సివర మనిసి దీనికి అవుపించడా?"

"అవుపించడు బావా. రంగొక్కటే అవుపిస్తాది."

ఆయన అప్ప వైపు తిరిగాడు. "షెడ్డు నుంచి నానొస్తంటే గుమ్మంలోనే ఉంటావు. నాకేసే సూస్తావు. మొకాన నవ్వన్నది ఉండదు. నానంటే ఇష్టం లేదేటో అనుకున్నాను. ఇన్నాళ్లూ అదే అనుకున్నాను."

"అందరికీ ఒకటే బట్టలు," అంది అప్ప. తల ఎత్తలేదు. "గుంపుగా వస్తారు. మెట్టు దగ్గరకొచ్చేదాకా మీరో కాదో తెలీదు. ఎవులికేసో నవ్వితే ఏటవుద్ది?"

బావ నవ్వాడు. నవ్వి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అప్ప చీర మడతలోంచి కళ్లద్దాలు తనే తీసి నా చేతికిచ్చి, "ఇవి నీయి. దానికి అక్కడ సేయిస్తాను," అన్నాడు.

వెళ్లే రోజున మళ్లీ బస్సు. ఈసారి నాకు కళ్లద్దాలున్నాయి, అప్పకు ఇంకా లేవు. బస్సు మలుపు తిరిగేదాకా దాని ముఖం నాకు తేటగా కనబడింది. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. అప్ప కిటికీలోంచి తల బయటికి పెట్టి నా కోసమే వెతుకుతోంది. నేను చింతపండు కొట్టు ముందు నిలబడితే, అది ఎడమ పక్కనున్న మరెవరికేసో చూసి చెయ్యి ఊపింది.

కొన్నాళ్లకు ఖరగ్‌పూర్ నుంచి సెలవు మీద వచ్చిన మా వైపు మనిషొకాయన కబురు చెప్పాడు. అప్పకు కళ్లద్దాలు వచ్చాయట. క్వార్టర్లలో ఆడవాళ్లు మొదట నవ్వారట, తరువాత సూదిలో దారం ఎక్కించమని దాని దగ్గరికే వస్తున్నారట. అమ్మ ఆ మాట విని కొంగు కళ్లకద్దుకుంది. బావను తలుచుకుని దణ్ణం పెట్టింది.

మరో రెండు వేసవులకు నాన్న నన్ను ఖరగ్‌పూర్ తీసుకెళ్లారు. వాల్తేరులో బండి మారి, పగలూ రాత్రీ ప్రయాణం చేశాం. క్వార్టర్ల వరసలో అప్ప ఇల్లు చిన్నది. పాప నడుస్తోంది. అప్ప కళ్లద్దాలు నల్ల ఫ్రేమువి, నావాటికంటే మందం. అద్దాల వెనక దాని కళ్లు చిన్నవిగా, ఎక్కడో లోపల ఉన్నట్టు కనిపించేవి. నాకది కొత్తగా, కొంచెం బెంగగా ఉండేది. పొద్దున్నే బావకు క్యారేజీ కట్టి పంపేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. మా గానుగ, మా ఎద్దులు, కొత్తగా ఈనిన గేదె, బెల్లానికి ఈసారి రంగెలా వచ్చింది, అన్నీ అడిగేది. చెప్పినదే మళ్లీ చెప్పించుకునేది.

చివరి సాయంత్రం నన్నూ, పాపనూ క్వార్టర్ల వెనక మైదానానికి తీసుకెళ్లింది. అంత చదునైన నేలను నేనెప్పుడూ చూడలేదు. రైలు పట్టాలు, వాటి మీద ఎండ, చివర ఆకాశం. అప్ప పడమటి వైపు నిలబడి కళ్లద్దాలు చీర చెంగుతో తుడిచి పెట్టుకుంది.

"ఇంత దూరం అవుపిస్తంది గానీ, ఇక్కడ కొండన్నదే లేదే," అంది. "ఎంత సూసినా ఏటీ అడ్డు రాదు. మొదట్లో రోజూ వచ్చి సూసేదాన్ని. ఇప్పుడు మానేసేను."

నేను పాపను ఎత్తుకున్నాను.

"ఇంకొక్క రోజుండరాదేటే?" అంది అప్ప.

ఇంటికి వచ్చాక నాన్నను అడిగాను. ఆయనకూ ఉండాలనే ఉంది. కానీ చెరకు తోటకు నీళ్లు పెట్టే రోజులు, ఊళ్లో అమ్మ ఒక్కర్తే ఉంది. మర్నాడు మధ్యాహ్నం బండికి బయలుదేరాం. వచ్చే వేసవికి తప్పకుండా వస్తానని అప్పతో అన్నాను.

వచ్చే వేసవికి నాకు పరీక్షలు. ఆ తరువాత టీచరు ట్రైనింగు, ఆ తరువాత ఉద్యోగం. అప్ప మా ఊరు వచ్చిందంటే ఎవరిదో పెళ్లికో, ఎవరో పోతేనో. ఇల్లంతా మనుషులు. రెండు రోజులు వంటింట్లోనే గడిచిపోయేవి. మూడోనాడు బావకు సెలవు అయిపోయేది. నేను మళ్లీ ఖరగ్‌పూర్ వెళ్లగలిగేసరికి, ఆ పాపకే పెళ్లీడు వచ్చింది.

అప్ప ఇప్పుడు లేదు. దాంతో గడపవలసిన రోజులు చాలా ఉండిపోయాయి. కానీ అన్నిటికన్నా, ఆ మైదానంలో నిలబడి అడిగిన ఆ ఒక్క రోజు కోసమే నాకిప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.